మొహం మాత్రలు

అద్దాల కొట్లో పుట్టి పెరిగిన పిల్లకి అద్దం చూసుకోవడం ఇష్టం లేదంటే ఎవరు నమ్ముతారు? నమ్మకపోతే మానెయ్యండి, పిచ్చుక సంగతి మాత్రం అంతే. చిన్నప్పుడు కొట్లో గోడకి ఆనించిన నిలువుటద్దాల ముందు నిలబడి, లోపల కనిపించే పిల్లని ముక్కుతో పొడుస్తూ ఉండేది. అది చూసి మురిసిపోయి వాళ్ల నాన్న పెట్టిన పేరది. అసలు పేరు బళ్లో రాయించారు, అక్కడే వదిలేసి వచ్చారు.

ఈడొచ్చేసరికి ఆ పిచ్చుక పొడవడం మానేసింది. గడ్డం మీద, దవడల వెంట మొటిమలు. అందరికీ వచ్చి పోయే రకం కావవి. లోపల్నుంచి గడ్డల్లా లేచి, ముట్టుకుంటే ప్రాణం జివ్వుమనేలా సలిపి, పోతూ పోతూ ఓ నల్లమచ్చని గుర్తుగా వదిలి వెళ్లేవి. "వయసమ్మా, అవే పోతాయి" అన్నారు పెద్దవాళ్లు. వయసు పోయింది. మొటిమలు ఉండిపోయాయి.

మొటిమ ఉన్న మొహం కనిపిస్తే చాలు, చుట్టుపక్కల ప్రతి ఒక్కరూ వైద్యులైపోతారు. నిమ్మరసం రాయమన్నవాళ్లు, టూత్‌పేస్టు పుయ్యమన్నవాళ్లు, నూనె వస్తువుల జోలికి పోవద్దన్నవాళ్లు. సరుకు కొనడానికి వచ్చినవాళ్లు కూడా అద్దం ధర అడిగేలోపు ఓ ఉచిత సలహా పడేసేవారు. పాపం, పిచ్చుక అన్నీ చేసింది. చర్మం మండింది, కడుపు మండింది, మొటిమలు మాత్రం చల్లగా ఉన్నాయి.

అద్దం పనిలో ఒక కిటుకుంది. వెనక పూత వేసి వచ్చిన అద్దంలో లోపం ఉందో లేదో తెలియాలంటే దాని ముందు నిలబడి తల అటూ ఇటూ కదపాలి. కనిపించే మచ్చ మనతో పాటు కదిలితే అది మన మొహానిది. మనం కదిలినా అది అక్కడే ఉంటే అద్దానిది. "కదిలితే మనది, కదలకపోతే సరుకుది" అని నాన్న పని నేర్పుతూ చెప్పిన మొదటి పాఠం అది. ఆయన నున్నటి మొహానికి ఆ పాఠం తేలికే. పిచ్చుక తల తిప్పితే అద్దంలో మచ్చల ఊరంతా కదిలేది. అందుకని ముక్కు దాకా చున్నీ బిగించి, కళ్లు మాత్రం బయటపెట్టి సరుకు చూసేది. ఎవరైనా అడిగితే గాజు పొడి పడకుండా అనేది. గాజు పొడి లేనిచోట కూడా ఆ చున్నీ దిగేది కాదు.

ఆమె మొహం గురించి ఒక్క ముక్క మాట్లాడని మొదటి మనిషి వదిన. అన్నయ్యతో పెళ్లయి, తన కుట్టుమిషను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వచ్చింది. వచ్చిన రోజే పిచ్చుకని పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ ఇంట్లో టీ ఎవరు బాగా పెడతారో నిజం చెప్పు" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో పిచ్చుక వదినకి అంకితమైపోయింది. వదినకి ఉన్న ఆశ ఒక్కటే, ఒక బిడ్డ. నెలనెలా ఎదురుచూసేది. ఆశ పోయిన రోజున మిషను చప్పుడు కాస్త గట్టిగా వినిపించేది. ఇంట్లో అందరికీ ఆ చప్పుడు అర్థమయ్యేది. అన్నయ్య లేచి వీధిలోకి వెళ్లేవాడు, అమ్మ నిట్టూర్చేది.

ఇలా ఉండగా చర్మం డాక్టరమ్మ గదిలో గోడకి అద్దం బిగించే పని పిచ్చుకకి వచ్చింది. పైకెక్కి మేకుకి అద్దం తగిలిస్తుంటే చున్నీ జారింది. రెండు చేతుల్లోనూ అద్దం ఉంది, సర్దుకోవడానికి లేదు. ఇక సలహా పడుతుందని పళ్లు బిగబట్టింది.

"నెలసరికి ముందు ఎక్కువవుతాయా?" అంది డాక్టరమ్మ.

పిచ్చుక అద్దం జారవిడవకపోవడం ఆ రోజు దేవుడి దయ. ఇన్నేళ్లలో ఆమెకి అందరూ సలహా ఇచ్చారు గానీ ఒక్కరూ ప్రశ్న వెయ్యలేదు. "అవునండీ. మీకెలా తెలిసింది?"

"దవడ మీదున్నాయిగా. ముందు కిందికి దిగు, కూర్చుని మాట్లాడుకుందాం."

కొన్ని హార్మోన్లు చర్మంలోని నూనె గ్రంథులకి అదేపనిగా పని చెబుతుంటాయనీ, ఆ నూనె చర్మంలోని సన్నటి రంధ్రాల్లో కూరుకుపోయి ఇలా గడ్డ కడుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. వాటి జోరు తగ్గించే మాత్రలున్నాయంది. దాపరికం లేకుండా, "ఇవి గర్భం రాకుండా వేసుకునే మాత్రలేనమ్మా. మొటిమలకి కూడా ఇస్తాం" అంది.

"నాకింకా పెళ్లి కాలేదండీ."

"మొటిమలు పెళ్లి చూసి రావు కదా!"

తర్వాత వరసగా ప్రశ్నలు. పొగ తాగుతావా? కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉన్నారా? కళ్ల ముందు మెరుపులు మెరిసి తలనొప్పి వస్తుందా? అన్నిటికీ లేదంది పిచ్చుక. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కూడా చూసింది డాక్టరమ్మ. "ఓపిక పట్టు. కొన్ని నెలలు పడుతుంది, మొదట్లో కాస్త ఎక్కువైనా కంగారు పడకు. కాలు వాచినా, గుండెల్లో నొప్పి వచ్చినా, ఊపిరాడకపోయినా మాత్రం వెంటనే ఆసుపత్రికి పరుగెత్తు."

ఇంటికి నడుస్తున్నంతసేపూ పిచ్చుక కాళ్లు నేల మీద లేవు. గడ్డం మీది మొటిమకీ కడుపులోని గర్భసంచికీ ఒకే కబురు అందుతుందా! తన ఒంట్లో ఇంత పెద్ద కొలువు నడుస్తుంటే తనకి తెలియనే లేదు. పూతలో ఉన్న మచ్చని ముందు నుంచి గుడ్డతో తుడిచినట్టు ఇన్నేళ్లూ పైపైన తోముకుంటూ కూర్చుంది. తన చెయ్యి తనే ఎత్తి చూసుకుంది. ఆ వేళ్లు ఎవరివో గొప్పవాళ్లవిలా అనిపించాయి.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "ఏం మాత్రలే అవి?"

అసలు మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. పెళ్లికాని పిల్ల ఆ మాట అంటే అమ్మ ఇల్లు పీకి పందిరేస్తుంది. "మొహం మాత్రలు" అంది పిచ్చుక. డబ్బా చింపి పారేసి, మాత్రల అట్టని వంటింట్లో టీ పొడి సీసా పక్కన పెట్టింది. ఆ పేరు ఇల్లంతా ఇట్టే పట్టుకుంది. "మొహం మాత్ర వేసుకున్నావా?" అని నాన్న కూడా గుర్తు చేసేవాడు.

మొదట్లో మొటిమలు ఇంకా పెరిగాయి, కడుపులో వికారం కూడా. పిచ్చుక ఏడ్చింది, మాత్ర మాత్రం మానలేదు. తర్వాత ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు. ఒకనాడు కొట్టుకి పెద్ద అద్దాల సరుకు దిగింది. ఉక్కపోతకి చున్నీ తీసి పక్కన పడేసి, అలవాటు చొప్పున ఒక అద్దం ముందు తల అటూ ఇటూ కదిపింది. ఏమీ కదల్లేదు. మళ్లీ కదిపింది. ఆమెకి గుబులు పుట్టింది.

"నాన్నా, ఇటు రా. ఈ అద్దంలో ఏదో లోపముంది. మచ్చలు చూపించట్లేదు."

నాన్న వచ్చాడు. అద్దాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు, మళ్లీ అద్దాన్ని చూశాడు. కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకోవడం మొదలుపెట్టాడు, తుడుస్తూనే ఉన్నాడు. "అద్దం బాగానే ఉందే పిచ్చుకా. అది నువ్వే."

ఆమె దగ్గరికి జరిగింది. పాత మచ్చల జాడలు లేతగా, వెతికితే తప్ప కనిపించనంతగా ఉన్నాయి. అంతే. ముక్కు అద్దానికి తగిలేదాకా జరిగి, అలాగే నిలబడిపోయింది. గోరంత మాత్ర! రోజుకొకటి మింగితే, లోపల ఎవరో చీకట్లో కూర్చుని ఇంత పని చేశారు. దండం పెడదామంటే ఆ మనిషి ఎక్కడుంటారో తెలియదు.

వదిన సంబరం అంతా ఇంతా కాదు. కొత్త జాకెట్టు కుట్టిపెట్టింది, వచ్చినవాళ్లందరికీ చూపించింది. "నా నుదుటి మీద కూడా నాలుగు లేస్తున్నాయే. నీ మొహం మాత్రలు నాకూ పనిచేస్తాయంటావా?" అంది ఓసారి. "నీ మొహానికేం వదినా, పోనిద్దూ" అని నవ్వేసి కొట్టుకి వెళ్లిపోయింది పిచ్చుక. అక్కడే జరిగిపోయింది తప్పు.

నెలలు గడిచాయి. ఒక పొద్దున మాత్రల కోసం టీ పొడి సీసా జరిపితే వెనకాల ఇంకో అట్ట కనిపించింది. అదే రంగు, అదే బొమ్మ. తనది చేతిలోనే ఉంది.

"అదా? నాది" అంది వదిన, పొయ్యి దగ్గర్నుంచి. "నీవి వాడితే నీకు తక్కువవుతాయని, నీ ఖాళీ అట్ట పట్టుకెళ్లి మందుల షాపులో చూపించి తెచ్చుకున్నా. నీ మొహం తేటపడ్డప్పటి నుంచీ వేసుకుంటున్నా. చూడు, నుదురు ఎంత నున్నగా అయిందో!"

ఈ నెలలన్నీ వదిన ఎదురుచూస్తూనే ఉంది. ఆశ పోయిన ప్రతిసారీ మిషను గట్టిగా మోగుతూనే ఉంది. ఒక చేత్తో బిడ్డని అడుగుతూ, ఇంకో చేత్తో తెలియకుండా తలుపు మూసుకుంటోంది. ఆ తలుపుకి మొహం అని పేరు పెట్టింది ఎవరు?

ఇంకో అబద్ధం నోటి దాకా వచ్చింది. ఒంటికి వేడి చేస్తాయి, మానెయ్ వదినా అంటే సరిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. నిజం చెబితే అమ్మ మాత్రలు మాన్పిస్తుంది, తన మొహం మళ్లీ మొదటికొస్తుంది, వదిన ఇక ముఖం చూడదు. పిచ్చుక కళ్లెత్తి వదిన నుదురు చూసింది. ఆ నున్నటి నుదురు చూసి అబద్ధం గొంతులోనే చచ్చిపోయింది.

"వదినా, అవి మొహం మాత్రలు కావు. పిల్లలు పుట్టకుండా వేసుకునేవి. మొటిమలకి కూడా పనిచేస్తాయి. నేనే పేరు దాచాను."

పొయ్యి మీద పాలు పొంగాయి. ఎవరూ దించలేదు. వదిన మెల్లగా గోడకి ఆనుకుని కింద కూర్చుంది. "మొహానికే అన్నావు కదే" అంది. అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే బాగుండేది.

పాలు మాడిన వాసనకి అమ్మ వచ్చింది. విషయం సగం అర్థమయ్యేసరికే, "పెళ్లికాని పిల్లవి, నీకెందుకే అలాంటి మాత్రలు?" అని గొంతు పెంచింది. అప్పుడు వదిన తలెత్తింది. కళ్లనిండా నీళ్లు. "దాన్నేం అనకండి అత్తయ్యా. ఈ మాటకే భయపడి పేరు దాచింది. అది దాచినందుకే నాకిలా అయింది. ఇంక ఈ ఇంట్లో ఎవరూ ఏ పేరూ దాచొద్దు."

పిచ్చుక పొయ్యి ఆపి వదిన వైపు చూసింది. మాత్ర చేసిన పని చూసి ఆశ్చర్యపోయింది గానీ, అంతకంటే పెద్దది ఒకటి ఈ వంటింట్లో, పొంగిన పాల వాసనలో కూర్చుని ఉంది.

ఇద్దరూ కలిసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. దారంతా వదిన ఎడంగా నడిచింది, అయినా రోడ్డు దాటేటప్పుడు పిచ్చుక చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ అంతా విని, "అడగకుండా వేసుకోవచ్చా అమ్మా?" అని మందలించి, పిచ్చుకని అడిగిన ప్రశ్నలే వదిననీ అడిగింది. తలనొప్పి దగ్గరికి వచ్చేసరికి వదిన, "అప్పుడప్పుడూనండీ. కళ్ల ముందు వంకర టింకరగా మెరుపులొస్తాయి, తర్వాత తల పగిలిపోతుంది" అంది. డాక్టరమ్మ చేతిలో కలం ఆగింది. "అయితే ఇవి నీకు ఎప్పుడూ పనికిరావు. మెదడులో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఇవాళే మానెయ్."

పిచ్చుక వదిన వైపు తిరిగింది. ఒకే మాత్ర. తనకి మొహం ఇచ్చింది, వదిన ప్రాణం మీదికి తేబోయింది.

"మరి బిడ్డ?" అంది వదిన, గొంతు వినపడీ వినపడకుండా.

"మాత్ర పని వేసుకున్నంత కాలమే. మానేస్తే నీ ఒళ్లు మళ్లీ నీదే. అసలు ముందు ఎందుకు ఆలస్యమైందో ఆడవాళ్ల డాక్టరు చూడాలి. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లు, పరీక్షలు ఇద్దరికీ చెయ్యాలి."

అన్నయ్య గొణిగాడు, వెళ్లాడు. చిన్న వైద్యమే, అదీ అన్నయ్యకే అవసరమైంది. అమ్మ ఆ నెలంతా నిట్టూర్చడం మర్చిపోయింది. పిచ్చుక మాత్రలు టీ పొడి సీసా పక్కనే ఉన్నాయి, అసలు పేరుతోనే. "గర్భం రాకుండా వేసుకునే మాత్ర వేసుకున్నావా?" అని నాన్న మొదటిసారి గట్టిగా అడిగినప్పుడు పక్కింటావిడ చేతిలో చెంబు కింద పడింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత చాలా రోజులకి, ఒక మధ్యాహ్నం వదిన క్యారియర్ పట్టుకుని నెమ్మదిగా కొట్టుకి వచ్చింది. పిచ్చుక నిలువుటద్దం ముందు నిలబడి, చున్నీ లేకుండా, తల అటూ ఇటూ కదుపుతూ సరుకు చూస్తోంది. వదిన ఉన్నట్టుండి ఆగిపోయింది. క్యారియర్ బల్ల మీద పెట్టి పిచ్చుక చెయ్యి లాక్కుని తన కడుపు మీద పెట్టుకుంది.

"మాట్లాడకు. ఆగు."

అరచేతి కింద, లోపల్నుంచి, ఎవరో మెత్తగా ఒక్కసారి తట్టారు.

"మీ నాన్న చెప్పే పాఠం ఏంటే?" అంది వదిన, ఏడుస్తూ నవ్వుతూ. "కదిలితే?"

"మనది" అంది పిచ్చుక.