మా నాన్న కారును దాము అన్న తేలిక చేసిన వైనం

మా వీధిలో మళ్ళీ రోడ్డు వేస్తున్నారు. మద్రాసు చింతాద్రిపేటలో రోడ్డు వేయడమంటే పాత రోడ్డు మీద కొత్త పొర పరచడమే. కింది పొరను గీకి తీయాలన్న నియమం ఉందంటారు గానీ, దాన్ని పాటించిన కాంట్రాక్టరును నేను ఇంతవరకు చూడలేదు. నా చిన్నప్పుడు మా ఇంట్లోకి మెట్లెక్కి వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి దిగుతున్నాం. దీని మీద నేను పెట్టిన అర్జీలకు లెక్క లేదు. ఇవాళ పొద్దున కూడా కాంట్రాక్టరు మనిషితో తగవుకే బయటికొచ్చాను. కానీ మరిగిన తారు వాసన ముక్కుకు తగలగానే, వచ్చిన తగవు మరిచిపోయాను. దాము అన్న షెడ్డులో సరిగ్గా ఇదే వాసన ఉండేది. నేను మా నాన్న కారులో బోర్లా పడుకుని నేలకు అతికిన తారు అట్టలను ఉలితో పెకిలిస్తుంటే, ఆయన స్టూలు మీద కాలు మీద కాలు వేసుకుని కాఫీ తాగుతూ నన్ను ఎగతాళి చేసేవాడు.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు కాబట్టి చెబుతాను. పూర్తి పేరు దామోదరం. ఎండుమిరపకాయల టోకు వ్యాపారం చేసే తెలుగు కుటుంబం వాళ్ళది. అన్నలంతా పాత మద్రాసులోని కొట్లో కూర్చుంటే, ఈయన మిరప ఘాటుకు తుమ్ములొస్తున్నాయన్న వంకతో బయటపడి, మా వెనక వీధిలో షెడ్డు అద్దెకు తీసుకుని, పాత కార్లను రేసు ట్రాక్ మీద పరిగెత్తేలా తయారుచేసే పని పెట్టుకున్నాడు. వినయమన్నది ఆయన ఒంట్లో లేదు. షెడ్డులో కూడా ఇస్త్రీ చొక్కా, చెవి వెనక అత్తరు. "బండి మాట్లాడితే నాకు అర్థమవతాది, నేను మాట్లాడితే బండికి అర్థమవతాది. మధ్యలో ఓనరుకే ఏమీ అర్థం కాదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

మా పరిచయం ఫిర్యాదుతోనే మొదలైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన షెడ్డులో సైలెన్సరు తీసేసిన బండి ఒకటి అరుస్తుంటే, మా అమ్మ నిద్ర చెడింది. నేను వీధిలోవాళ్ళ సంతకాలతో అర్జీ రాసుకుని వెళ్ళాను. ఆయన మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"చేతిరాత బాగుండాదే! యాడ చదువుకున్నావు?" అన్నాడు. తర్వాత నా భుజం మీదుగా వీధిలోకి చూశాడు. "ఆ చిన్న కారు నీదేనా? వెనక్కి కుంగి ఉండాదే. డిక్కీ తెరువు, చూస్తాం."

తెరిచాను. పాత అర్జీల కట్టలు, రెండు గొడుగులు, కొబ్బరికాయల గోతం, గంట్లు పెట్టించమని అమ్మ ఎప్పుడో ఇచ్చిన రుబ్బురోలు పొత్రం ఉన్నాయి.

"ఏంపా పిటిషను, ఇది కారా, మీ ఇంటి అటకా?"

ఎదురుగా ఉన్న టీకొట్టులో అందరూ నవ్వారు. ఆ రోజునుంచి ఆ వీధిలో నా పేరు పిటిషను. నన్ను ఎవరెవరు ఎక్కడెక్కడ చిన్నబుచ్చారో నాకు బాగా గుర్తుంటుంది. దాము అన్న విషయంలో ఇది మొదటిది.

అలాంటి మనిషి దగ్గరికి నేనే మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. అందుకు కారణం మా పెదనాన్న కొడుకు మోహన్. టి. నగర్‌లో ఒక నిశ్చితార్థానికి వాడు కొత్త పెద్ద కారులో వచ్చాడు. నెలకొకసారి దాన్ని శ్రీపెరుంబుదూరు దారిలో ఉన్న ఒక చిన్న ట్రాక్ మీద తిప్పుతున్నానని పంక్తిలో అందరికీ వినిపించేలా చెప్పి, నా వైపు తిరిగాడు. "నీ డబ్బాను ఇంకా ఎందుకురా సాకుతా ఉండావు? చుమ్మా పుదుప్పేట పాత ఇనుము కొట్టోడికి ఇచ్చేసెయ్" అన్నాడు. అది మా నాన్న కొన్న కారు. పాత పంచెతో ప్రతి ఆదివారం దాన్ని తుడిచి, బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడేవాడు. నేను పాయసం గిన్నె పక్కన పెట్టి, "నువ్వు తిరిగే ట్రాక్ మీదే నీకంటే తక్కువ టైములో ఈ డబ్బాను తిప్పుతా. తిప్పలేకపోతే నేనే దీన్ని పుదుప్పేటకు తోసుకుపోతా" అన్నాను. పంక్తంతా విన్నారు. అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. నాకు సాయం చేయగలవాడు దాము అన్న ఒక్కడే.

ఆయన విని గట్టిగా నవ్వాడు. "ఇంజను జోలికి పోబాకు. బరువు తీస్తాం, చాలు. అయితే ఈడ ఒక పద్ధతి ఉండాది. బండి ఎవురిదో వాళ్ళే విప్పాల. విప్పింది చేతిలో పట్టుకుని ఎంత ఉంటాదో చెప్పాల. ఆ తర్వాతనే కాటా."

మిరపకాయల మూటలు తూచే పాత కాటాను అన్నలనడిగి తెచ్చి షెడ్డు దూలానికి వేలాడదీసుకున్నాడాయన. వెనక సీటు, స్టెప్నీ, జాకీ, స్పీకర్లు, ఏసీ, తలుపుల లోపలి అట్టలు అన్నీ నా చేతులతో విప్పి, మోసి, అంచనా చెప్పి, తప్పు చెప్పి, తిట్లు తిని, కాటాకు తగిలించాను. నేరుగా తూస్తే పోయేదానికి ఈ తంతు ఎందుకని అడిగాను.

"చేతికి తెలియని బరువు బ్రేకు మీద ఉండే కాలికి యాడ తెలస్తాది?" అన్నాడు. బ్రేకులు, బెల్టులు మాత్రం ముట్టనివ్వలేదు. నా పక్క సీటు విప్పి ఇంటికి తీసుకెళ్తే, అమ్మ దాన్ని పలక మీద బిగించి హాల్లో టీవీ ముందు వేయించుకుంది. ఇక ఇంట్లో ఉన్న కుర్చీలేవీ ఆమెకు నచ్చలేదు.

తారు అట్టల దగ్గర నేను దెబ్బతిన్నాను. శబ్దం రాకుండా కారు నేలకు అతికించే ఆ అట్టల మీద డ్రై ఐస్ పోస్తే, అవి బిగుసుకుని సుత్తి దెబ్బకు పెంకుల్లా లేచివస్తాయి. డ్రై ఐస్ అమ్మే ఆయనకూ నాకూ పాత తగవొకటి ఉంది. అతని గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. ఐస్ ఏదైతేనేమని మా చేపల మార్కెట్‌కు వెళ్ళి రెండు పెట్టెల ఐస్ తెచ్చి కారు నిండా పోసి, భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఐస్ కరిగింది, తారు కదలలేదు. కారంతా వంజరం చేప వాసన. పేటలోని పిల్లులన్నీ బండి చుట్టూ కొలువు తీరాయి.

దాము అన్న ముక్కుకు రుమాలు కట్టుకుని ఒక్కో పిల్లినీ పలకరించాడు. "రండి తల్లీ, రండి. పిటిషను విందు పెట్టినాడు." తర్వాత నా వైపు తిరిగి, "నీ తగవు ఐసోడితో. తారేం చేసింది పా నిన్ను?" అన్నాడు. నేను వారం రోజులు షెడ్డు వైపు వెళ్ళలేదు. ఎనిమిదో రోజున ఆయనే మా గుమ్మంలో నిలబడి, డ్రై ఐస్ పెట్టె కింద పెట్టి, "మీ అమ్మ కాఫీ బాగుంటాదని విన్నా" అన్నాడు.

పని పూర్తయ్యాక నన్ను కూడా కాటాకు కట్టిన పలక మీద కూర్చోబెట్టి, తులాభారంలాగా తూచాడు. లెక్క చూసుకున్నాడు. "మన తరగతిలో డ్రైవరుతో కలిపి బండి ఇంతకు తగ్గకూడదని రూలు. దానికి కొంచెమే పైన ఉండాం. ఇంక ఈ బండిలో దండగ బరువంటే నీ బొజ్జ ఒక్కటే" అన్నాడు. టైర్లు అమ్మే అపరిచితుడొకడు పక్కనే ఉన్నాడు. వాడూ నవ్వాడు.

రూలు నా చెవిన పడలేదు. బొజ్జ మాత్రం పడింది. ఆ సాయంత్రం నుంచి బజ్జీలు మానేశాను. రాత్రి అన్నం మానేశాను. పొద్దున్నే మురుగు పారే కూవం నది గట్టున నడక మొదలుపెట్టాను. ఆ గాలి పీలిస్తే రోజంతా ఆకలి దాని పాటికదే చచ్చేది. ఇదంతా దాము అన్నకు చెప్పలేదు. ట్రాక్ దగ్గర, పదిమందిలో, తూకం మీద నిలబడి చూపించి ఆయన నోరు మూయించాలని నా ఉద్దేశం.

ఆ రోజు వచ్చింది. మోహన్ కొత్త షూలు వేసుకుని వచ్చాడు. పంక్తిలో నవ్విన బంధువులు కొందరు టోపీలు పెట్టుకుని వచ్చారు. నన్ను కారులో కూర్చోబెట్టి తూకం పలకల మీదికి ఎక్కించారు. పరీక్ష చేసే కుర్రాడు అంకె చూసి, "వెయిట్ పత్తలే సార్" అన్నాడు అరవంలో. బరువు చాలలేదట. చాలకపోతే ట్రాక్ మీదికి వదలరట.

"బరువు తగ్గించడమే కదయ్యా ఈ ఆట! తగ్గించానని శిక్షా?" అని నేను అరవడం మొదలుపెట్టాను. మోహన్ దూరంనుంచే చెయ్యి ఊపుతూ, "పుదుప్పేటకు తోసేదానికి నేనూ ఒక చెయ్యి వేస్తాలేరా!" అన్నాడు. మా నాన్న కారును నా నోటితో, నా పొట్టతో నేనే పోగొట్టుకున్నానని అర్థమైంది.

అప్పుడు దాము అన్న తన వ్యాను వెనక తలుపు తెరిచాడు. లోపల మా అమ్మ సీటు ఉంది.

"ఆయమ్మను లేపి తెచ్చేలోపు నాకు తల ప్రాణం తోకకొచ్చింది. సీరియల్ టైముకు తిరిగిచ్చేస్తానని మాటిచ్చినా. బిగించు."

"నీకెలా తెలుసన్నా?"

"నీ బెల్టు కొస దినదినం పొడుగైతా ఉంటే కనపడదా? నేనేమన్నా గుడ్డోడినా?"

"మరి ముందే చెప్పొచ్చు కదా!"

"చెప్తే కోపం పోతాది, బజ్జీ తింటావు." నా చేతికి స్పానర్ అందించి, గొంతు తగ్గించాడు. "కోపం పారెయ్యమని నేను చెప్పలే. అది నీ సొత్తు. అయితే ఈ సీటు మాదిరి కింద బిగించుకో. నెత్తిన పెట్టుకుంటే మలుపులో బోల్తా పడతావు."

నేను నాలుగు బోల్టులు బిగించాను. తూకం సరిపోయింది.

మోహన్ కారు తిన్నని దారిలో బాణంలా పోయేది. కానీ ఆ ట్రాక్ నిండా మలుపులే. అంత బరువును ప్రతి మలుపులోనూ ఆపి ఆపి, చివరి చుట్లకు వాడి బ్రేకులు పొగలు కక్కాయి. వాడు భయపడి నెమ్మదించాడు. నా కారులో ఏసీ లేదు, శబ్దం ఆపే అట్ట లేదు, ఎగిరిన ప్రతి గులకరాయీ నేలకు కొట్టుకునే చప్పుడు వినిపిస్తోంది, ఒళ్ళంతా చెమట. కానీ మొదటి చుట్టు ఎలా తిరిగిందో చివరి చుట్టూ అలాగే తిరిగింది. బండి ఎక్కడ పట్టు వదలబోతోందో నా కాలికి ముందే తెలిసింది. అన్ని చుట్ల టైము కలిపి చూస్తే మోహన్‌కంటే నాది తక్కువ. ఎంత తక్కువో చెబితే మీరు నవ్వుతారు. అయినా తక్కువే. ఒక బంధువు టోపీ తీసేశాడు. మోహన్ వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి, "డబ్బా కాదులేరా" అన్నాడు. అది క్షమాపణ కింద జమ చేయాలా వద్దా అన్నది నేనింకా తేల్చలేదు.

నేను దాము అన్న వైపు చూశాను. ఆయన ముందు టైరును కాలితో తట్టి, "గాలి ఎక్కువైంది. చెప్తే వినవు. సీటు విప్పు, టైమైంది" అన్నాడు. అంతే.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆయన షెడ్డులో స్పానర్ పట్టుకున్నాను, ఎన్నోసార్లు ఆ ట్రాక్ మీద తిరిగాను. ఎప్పుడూ గాలి ఎక్కువో, మలుపు ఆలస్యమో. ఒక్కసారి కూడా బాగా తోలావని అనలేదు. పోయిన ఏడాది ఆయన నిద్రలోనే పోయాడు. వాళ్ళ ఇంటికి వెళ్తే, మిరపకొట్టు అన్నల్లో పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనా పిటిషను? నీ మాదిరి తోలేవోడు ఈ ఊర్లో లేడంట కదా, వాడు చెప్పని రోజు లేదు" అన్నాడు. టీకొట్టువాడూ అదే అన్నాడు. టైర్లు అమ్మేవాడూ అదే అన్నాడు.

ఊరందరికీ చెప్పాడు, నాకు తప్ప. జీవితంలో నాకు జరిగిన అన్యాయాల్లో దీన్ని మించింది లేదు. ఫిర్యాదు చేయడానికి మనిషి లేడు, విచారించడానికి ఆఫీసు లేదు. అయినా దీన్ని మాత్రం వదిలే ఉద్దేశం నాకు లేదు. పొద్దున కారు తీసేటప్పుడు రోజూ ఒకసారి గుర్తు చేసుకుంటాను. ఆ తర్వాత వంగి, ముందు టైర్లలో గాలి చూస్తాను.