సర్దిన ఇల్లు

లాండ్రీలో అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అంటారు. ఆమెకంటే వయసులో పెద్దవాడైన ఓనరు కూడా అలాగే పిలుస్తాడు. వెనకగదిలో కిటికీ పక్కనున్న బల్ల ఆమెది. హోటళ్ళ దుప్పట్లు, ఆఫీసులవాళ్ళ చొక్కాలు, స్కూలు పిల్లల యూనిఫారాలు ఆ బల్ల మీదికి ముడతలతో వచ్చి నున్నగా వెళ్ళిపోతాయి. చొక్కా అయితే ముందు కాలరు, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు, చివరికి వీపు. ఎంత ఉతికినా మరక వదలని దుప్పటి వస్తే దాన్ని మడిచే పద్ధతి వేరే ఉంది. మరక లోపలి మడతలోకి వెళ్ళేలా తిప్పి మడిచి, పైన చేత్తో ఒకసారి రాసి, దొంతరలో పెడతారు. కొత్తగా చేరినవాళ్ళకు ఇది నేర్పేది ఆమే.

ఆమె భర్త ఇళ్ళకు రంగులు వేసేవాడు. పిల్లలు లేరు. పెద్ద బిల్డింగుల పనికి అతన్నే పిలిచేవారు, చెయ్యి అంత నిలకడ. ఒకసారి, పని పూర్తయిన గదికే మర్నాడు మళ్ళీ రంగు వేసి వచ్చాడు. తోటివాళ్ళు నెలరోజులపాటు దాన్ని చెప్పుకుని నవ్వారు. తర్వాత ఇంటికి దారి తప్పాడు. ఆ తర్వాత ఇంట్లోనే బాత్రూముకు దారి తప్పాడు. డాక్టరు జబ్బు పేరు చెప్పి, "ఇది తగ్గేది కాదమ్మా, పక్కన మనిషి ఉండి కనిపెట్టుకోవాలి" అన్నాడు. పక్కన ఉండాల్సిన మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా లాండ్రీలో ఉండాలి. ఇద్దరూ తినేది ఆ పని మీదే.

ఒక మధ్యాహ్నం అతను సగం కట్టిన ఇంట్లో దొరికాడు. కుంచె లేని చేతిని గోడ మీద పైకీ కిందికీ ఆడిస్తూ నిలబడ్డాడట. మర్నాటి నుంచి ఆమె బయట తాళం వేసి పనికి వెళ్ళడం మొదలుపెట్టింది.

తాళం సంగతి పైవాటా పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు. సొంత పిన్ని కాదు, మేడమీద అద్దెకుండే ఆవిడ. మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కడమే గండం, మాటకు మాత్రం ఏ నొప్పీ లేదు. ఒకరోజు ఇస్త్రీ అక్క ఇంటికి వచ్చేసరికి పిన్ని ఆమె గుమ్మం ముందు, మూసిన తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉంది.

"ఏమైంది పిన్నీ?"

"ఏమవుతుంది? మీ ఆయన తలుపు బాదడం మొదలెట్టాడు. తాళంచెవి నీ దగ్గరాయె. ఏం చెయ్యను, ఇక్కడే కూర్చుని కబుర్లు చెప్పాను. మా ఆయన చేసిన ఘనకార్యాలన్నీ చెప్పేశాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదనుకో. మా ఆయనకీ ఎక్కేది కాదులే, నాకు అలవాటే."

తలుపు తీస్తే అతను నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతి కణుపుల దగ్గర చర్మం లేచిపోయింది. ఆమె చెయ్యి కడిగి, మందు రాసి, గుడ్డ కట్టింది. ఏడుపు వస్తుందేమోనని ఒక్క నిమిషం ఆగి చూసుకుంది. రాలేదు. లేచి పొయ్యి వెలిగించింది.

"ఎన్నాళ్ళే ఇలా? ఏదో సహాయ కేంద్రం ఉందట, వెళ్ళి అడగొచ్చుగా," అంది పిన్ని.

"అడగడానికి మనమేమైనా గతిలేనివాళ్ళమా పిన్నీ?"

"కాదమ్మా, మహారాణివి. ఇంకో నాలుగు తాళాలు కొనుక్కో."

ఇస్త్రీ అక్క ఒకరోజు సెలవు పెట్టి వెళ్ళింది. వార్డు ఆఫీసులో కిటికీ వెనకున్న గుమాస్తా తల ఎత్తకుండానే "ఇక్కడ కాదు, ఆరోగ్య కేంద్రంలో" అన్నాడు. ఆరోగ్య కేంద్రంలో నర్సు, "మేం మందులిస్తాం గానీ మనుషుల్ని ఇవ్వమమ్మా" అని నవ్వి, లైబ్రరీ వెనక సందులో కనుక్కోమంది. ఆ సందులో సహాయ కేంద్రం బోర్డు సగం చెట్టుకొమ్మల చాటున ఉంది. రెండు గదులు, ఒక ఫ్యాను, గోడ పొడుగునా ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఆమె కూడా వెళ్ళి తన చేతుల్ని చూసుకుంటూ కూర్చుంది.

ఆమె చెప్పిందంతా అక్కడి కళ్ళజోడు మేడమ్ విన్నది. తాళం మాట మాత్రం ఆమె చెప్పలేదు. చెబితే అతన్ని ఎక్కడికైనా తీసుకుపోతారని భయం.

"పగలు తోడుండడానికి మనిషిని పంపిస్తాం," అంది మేడమ్. "కానీ మా దగ్గర మనుషులు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ముందు ఇక్కడ పనిచేసే మా అమ్మాయి మీ ఇంటికొచ్చి చూస్తుంది. ఎవరికి గడవదో వాళ్ళకే ముందు. గురువారం ఇంట్లో ఉంటారుగా?"

ఇంటికి ఎవరో వస్తున్నారు. ఆమె తలలో నిలిచింది ఆ ఒక్క మాటే.

బుధవారం పని నుంచి వచ్చీ రాగానే మొదలుపెట్టింది. అతని పరుపును వెనక వరండాలోకి లాగి గాలి తగిలేలా నిలబెట్టింది. నేలంతా ఫినాయిల్‌తో తుడిచింది. మూలమూలల్లో అతను దాచిన రొట్టెముక్కలు, సబ్బులు, ఒంటి చెప్పు ఏరేసింది. గురువారం పొద్దున అతనికి స్నానం చేయించి, గడ్డం గీసి, తల దువ్వింది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తొడిగింది. దెబ్బ తగిలిన చేతికి కొత్త కట్టు కట్టి, చొక్కా చెయ్యి మణికట్టు దాకా దించి గుండీ పెట్టింది. టేబుల్ మీద గుడ్డ పరిచింది. ఇదంతా ఆలోచించి చేయలేదు. చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి.

పిన్ని రెయిలింగు పట్టుకుని దిగివచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేమిటే, పెళ్ళికొడుకుని చేసి కూర్చోబెట్టావ్!"

"ఎవరో వస్తుంటే ఎలా ఉంటే అలా ఉంటామా పిన్నీ?"

పిన్ని తల కొట్టుకుని మళ్ళీ మెట్ల వైపు తిరిగింది.

వచ్చిన అమ్మాయి చిన్నది. చదువు అయిపోయి ఎన్నాళ్ళో అయినట్టు లేదు. ఆమెను చూడగానే అతను లేచి నిలబడ్డాడు.

"రామ్మా, కూర్చో. టీ తాగుతావా? ఏమేవ్, టీ పెట్టు," అన్నాడు. చాలా రోజుల తర్వాత అన్న మాట అది. గోడ వైపు చూపించి, "ఈ గోడకి ఈ రంగెవడేశాడో వాడి చెయ్యి విరగ! బురదలో గేదె దొర్లినట్టు లేదూ?" అన్నాడు.

అమ్మాయి పకపకా నవ్వింది. ఆ రంగు వేసింది అతనే.

"అంకుల్ హుషారుగా ఉన్నారే! చేతికేమైంది?"

"గోడకి తగిలిందండి," అంది ఇస్త్రీ అక్క.

"మీకేమైనా బాగా ఇబ్బందిగా ఉందా, ఆంటీ? నాతో చెప్పండి."

"లేదండీ. బాగానే సర్దుకుపోతున్నాం."

ఆ మాట నోటి నుంచి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. టీ గ్లాసులు ట్రేలో పెట్టుకుని తెస్తూ అంది. అమ్మాయి టీ తాగి, ఇల్లు అద్దంలా ఉందని మెచ్చుకుని వెళ్ళిపోయింది. వీధి మలుపు దాటిందో లేదో అతను ప్యాంటులోనే పోసుకున్నాడు.

సహాయ కేంద్రం నుంచి ఫోను వచ్చినప్పుడు ఆమె లాండ్రీలో దిండు గలీబులు ఇస్త్రీ చేస్తోంది. మీ పరిస్థితి ప్రస్తుతానికి ఫరవాలేదు, మీకంటే ఎక్కువ ఇబ్బందిలో ఉన్నవాళ్ళు ముందున్నారు, వచ్చే ఏడాది చూద్దాం అని చెప్పారు. "సరేనండీ, థాంక్సండీ," అని పెట్టేసింది. గలీబులు అయిపోయాక తువ్వాళ్ళు మొదలుపెట్టింది. వేడి పెట్టె అంచు వేలికి తగిలింది. పక్కనున్నామె అరిచేదాకా ఆమె చెయ్యి తీయలేదు.

పిన్ని ఆ ఆదివారమంతా తిట్టింది. సోమవారం సహాయ కేంద్రానికి తనే తోడు బయలుదేరింది, ప్రతి విద్యుత్ స్తంభం దగ్గరా ఆగి మోకాళ్ళు పట్టుకుంటూ.

"ఇదిగో మేడమ్, ఈ మహాతల్లి మీ కళ్ళకి గంతలు కట్టింది. మీరు చూసింది వేరే ఇల్లు," అంది వెళ్ళగానే.

కళ్ళజోడు మేడమ్ ఇస్త్రీ అక్క వైపు తిరిగింది. "ఏం దాచారమ్మా?"

"ఏమీ దాచలేదండి. సర్దాను."

మేడమ్ నవ్వుతూ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అందరూ అంతే. మొన్న ఒకాయన మా వాళ్ళొస్తున్నారని పక్కింటి సోఫా అరువు తెచ్చి వేశాడు. మా అమ్మాయి దాని మీదే కూర్చుని, వీళ్ళకేం లోటు లేదని చెప్పింది." తర్వాత నవ్వడం ఆపింది. "చూడండి, మేం చుట్టాలం కాదు. మళ్ళీ పంపిస్తాను, ఏ రోజో చెప్పను. పొద్దున మీరు పనికెళ్ళే ముందు వస్తుంది. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి. మీరు చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడమే."

అదే ఆమెకు చేతకాలేదు. రోజూ లేవగానే ఈ రోజు దేన్నీ ముట్టుకోకూడదు అనుకునేది. కాసేపటికి చూసుకుంటే చేతిలో చీపురు ఉండేది. ఒక పొద్దున ఊరికే కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. కింద ఒలికిన పాలకు చీమలు పట్టాయి. అతను అల్మరాలోని బట్టలన్నీ లాగి కుప్ప పోస్తున్నాడు. ఆమె అలాగే చూస్తూ కూర్చుంది. సిగ్గుగానూ లేదు, బాధగానూ లేదు. ఎవరిదో ఇల్లు చూస్తున్నట్టుంది. ఆ రోజు ఎవరూ రాలేదు. బయలుదేరే ముందు అన్నీ తుడిచి, మడిచి, తాళం వేసి వెళ్ళింది.

ఆ అమ్మాయి వర్షం పడుతున్న పొద్దున వచ్చింది. అప్పుడే అతని పరుపు మీది దుప్పటి తీసి, తడిసిన భాగం లోపలికి పోయేలా చుట్టి పట్టుకుని ఉంది ఇస్త్రీ అక్క. తలుపు చప్పుడు వినగానే దాన్ని బాత్రూములో పెట్టేద్దామని గబగబా నడిచింది. ఈలోగా అతనే వెళ్ళి గడియ తీశాడు.

"ఎవరు కావాలి?" అన్నాడు అమ్మాయితో. ఆమెను గుర్తుపట్టలేదు. గొంతు తగ్గించి, భార్య వైపు వేలు చూపించాడు. "మీరు మంచి టైముకొచ్చారు. ఈవిడెవరో పొద్దుటి నుంచీ ఇంట్లో తిరుగుతోంది. మా ఆవిడ పనికెళ్ళింది. వచ్చి చూసిందంటే గొడవైపోతుంది. కాస్త పంపించెయ్యండి."

అమ్మాయి గొడుగు ముడవడం మరిచిపోయి నిలబడింది. గదిలో వాసన. దుప్పటి నుంచి నేల మీదికి చుక్కలు పడుతున్నాయి.

"ఆంటీ," అంది మెల్లగా. "ఇబ్బందిగా ఉందా?"

"బాగానే..." అని మొదలై ఆగిపోయింది మాట. ఇస్త్రీ అక్క దుప్పటి చుట్టను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. అప్పుడు చొక్కాకు గుండీ లేదని కస్టమరుకు చెప్పే గొంతుతో చెప్పింది.

"ఆయన్ని లోపల పెట్టి తాళం వేసి వెళ్తున్నానండి. రోజూ. ఆ చేతి దెబ్బ గోడకి తగిలింది కాదు, తలుపు బాదుకున్నది. తీసుకెళ్ళిపోతారా ఆయన్ని?"

"లేదాంటీ. తీసుకెళ్ళం. మనిషిని పంపిస్తాం." అమ్మాయి అప్పుడు గొడుగు ముడిచింది. "అప్పటిదాకా మాత్రం తాళం వెయ్యకండి. ఎవరైనా చూస్తారా?"

మేడమెట్ల మీద నుంచి పిన్ని సమాధానం చెప్పింది. ఎప్పుడు వచ్చి నిలబడిందో. "నేను చూస్తాలే. కానీ నన్ను కూడా ఎవరివని అడిగితే మాత్రం మర్యాదగా ఉండదు, ముందే చెప్తున్నా."

తర్వాతి వారం తోడుకు ఒకాయన వచ్చాడు. ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపి రిటైరైనవాడు. భర్త అతన్ని పనిలోకి కొత్తగా వచ్చినవాడు అనుకున్నాడు.

"ముందు పైకప్పు, తర్వాతే గోడలు. గుర్తుంచుకో," అన్నాడు.

"అలాగే సార్. ఎన్నో అంతస్తు?"

"అన్నీ."

"అయితే ఒక్కొక్కటే ఎక్కుదాం, తొందరేముంది?" అంటూ లిఫ్టాయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఇస్త్రీ అక్క బ్యాగు భుజాన వేసుకుని కూడా గుమ్మంలోనే నిలబడి ఉంది. మందులెక్కడున్నాయో చెప్పింది. తువ్వాలెక్కడుందో చెప్పింది. మళ్ళీ మందుల సంగతి చెప్పింది.

"ఈవిడింకా వెళ్ళలేదా?" అన్నాడు భర్త.

"వెళ్తున్నారు సార్," అన్నాడు లిఫ్టాయన, ఆమె వైపు చూసి కళ్ళతోనే వెళ్ళమని చెబుతూ.

ఆమె నడిచి బస్‌స్టాపు దాకా వచ్చింది. తేలిగ్గా అనిపిస్తుందేమోనని చూసుకుంది. ఏమీ అనిపించలేదు. బస్సు వచ్చింది, కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది, కూర్చుంది. రెండు స్టాపులు దాటేసరికి తల కిటికీ అద్దానికి ఆనింది. లాండ్రీ స్టాపు వచ్చింది, పోయింది. బస్సు చివరిదాకా వెళ్ళి ఆగి, జనమంతా దిగిపోయాక, కండక్టరు వచ్చి సీటు మీద తట్టాడు.

"అమ్మా, లేవండి. ఎక్కడ దిగాలి మీరు?"

ఆమె కళ్ళు తెరిచి అతన్ని చూసింది. ఎక్కడ దిగాలో వెంటనే గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"ఇంకాసేపు కూర్చోవచ్చా?" అని అడిగింది.