సంజీవరావు గారి డబ్బాల పిచ్చి

రేకు డబ్బా కంటబడితే చాలు, పెళ్ళిలో ఉన్నా పరామర్శలో ఉన్నా సంజీవరావు గారు దాన్ని చంకన పెట్టుకోకుండా కదిలేవారు కాదు. బెజవాడలో ఆరోగ్య సర్వే ఆఫీసరు. ఎంత చదివితే ఏం లాభం, డబ్బాల పిచ్చి పట్టాక!

డెబ్భైల నాటి మాట. పొలాల్లోకి పురుగుమందులు జోరుగా దిగుతున్న రోజులు. మందు అయిపోయాక ఆ డబ్బా ఎంత ముద్దొచ్చేదో! బిగుతు మూత, తళతళలాడే రేకు. చింతపండు వేసి తోమి, ఎండలో బోర్లించి, ఉప్పో నూనో పోసుకోని ఇల్లాలు డెల్టాలో ఉంటే చూపించండి.

ఆఫీసులో జనాన్ని రోగాలు అడిగి రాసేవాళ్ళు వేరు, నీళ్ళూ గింజలూ పట్టుకెళ్ళి వాటిలో పురుగుమందెంతుందో చూసేవాళ్ళు వేరు. "రోగాన్ని అడిగేవాడూ విషాన్ని వెతికేవాడూ చెరో బస్సెక్కితే ఇక కలిసేదెక్కడండీ?" అని ఈయన రెండు పనులూ తనే నెత్తినేసుకుని, సైకిలుకు సీసాల పెట్టె కట్టుకుని ఊళ్ళ మీద పడేవారు.

హనుమాన్ జంక్షన్ పక్క పల్లెలో రాజ్యలక్ష్మమ్మ ఇంటికి వచ్చేసరికి ఆవిడ దిగులుతో సగమై ఉంది. నెల్లాళ్ళుగా భర్త బసవయ్య గారికి భోంచేసి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. నీరసమేమోనని ఆవిడ అన్నంలో నూనె ఇంకాస్త వంచుతోంది. ఆయన ఇంకాస్త వణుకుతున్నారు.

"ఇంట్లో ఇంకెవరికైనా వణుకుందా అమ్మా?"

"లేదండీ."

"ఆయనొక్కరే తినేదేమిటి?"

"కందిపొడిలో పచ్చి నూనె. మాకెవరికీ పడదు."

"నూనె దేంట్లో పోశారూ?"

ఆవిడ డబ్బా తెచ్చి చూపించిందో లేదో, లటుక్కున లాక్కుని సైకిలెక్కేశారు! నచ్చజెప్పి అడిగితే "శుభ్రంగా తోమానండీ" అనేవారే తప్ప ఇచ్చిన ఇల్లాలు లేదని ఆయన అనుభవం.

"అయ్యో, నా నూనె! పట్టుకోండర్రా!" రాజ్యలక్ష్మమ్మ కొంగు బిగించి పరుగు. ఆవిడ వెనక ఊరు, ఊరి వెనక కుక్కలు.

"అది విషమమ్మా! ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళండి! రేపు మీకు జాడీ తెస్తాను!" ముందు నుంచి కేక.

మర్నాడు అన్నట్టే పింగాణీ జాడీ తెచ్చారు. నూనెలో పొలంలో కొట్టిన మందే తేలిందన్నారు. ఆసుపత్రి మందులు వాడి, ఆ నూనె మానేశాక బసవయ్య గారి వణుకు తగ్గి, మళ్ళీ కేకలేసే ఓపికొచ్చింది.

ఆ సంతోషంలో రాజ్యలక్ష్మమ్మ సున్నుండలు చుట్టి బెజవాడ బస్సెక్కింది. సంజీవరావు గారి భార్య హన్నా గుమ్మంలోనే పసిగట్టింది.

"మీకూ జాడీ ఇచ్చారా వదినగారూ?"

"అవునమ్మా. నీకెలా తెలుసు?"

"లోపలికి రండి, చూద్దురుగాని."

వంటింట్లో బియ్యం, దిండు గలీబులో ఉన్నాయి. ఉప్పు కొబ్బరి చిప్పలో. కందిపప్పు ఆయన మేజోడులో, మేకుకు వేలాడుతోంది.

"డబ్బా లాక్కున్న ప్రతి ఇంటికీ మా సామానే వెళ్ళిందండీ. మా పుట్టింటి ఇత్తడి గుండిగ కంకిపాడులో కాపురం చేస్తోంది."

"మరి ఆ డబ్బాలన్నీ?"

"చిల్లులు పొడిచి ఆఫీసు గదిలో తాళం వేస్తారు, మళ్ళీ ఎవరూ నూనె పొయ్యకుండా."

అంతలో ఆయన రానే వచ్చారు. "బసవయ్య గారు కులాసాయేనా?" అన్నది నోరు. చూపు మాత్రం ఆవిడ ఒళ్ళో ఉన్న సున్నుండల డబ్బా మీద!

"బాబ్బాబు, ఇది బిస్కెట్లదండీ! ఒట్టు, బిస్కెట్లదే!" రాజ్యలక్ష్మమ్మ డబ్బాను గట్టిగా వాటేసుకుంది.

ఆయన మూత తీసి వాసన చూశారు. పైకెత్తి అడుగు చూశారు. ఒక సున్నుండ నోట్లో వేసుకున్నాక గానీ తల ఊపలేదు.

"ఇది నీకేనమ్మా," అని రాజ్యలక్ష్మమ్మ ఆ డబ్బా హన్నా చేతిలో పెట్టింది. "ఈ ఇంటికి డబ్బా ఇచ్చిపోయేది నేనొక్కదాన్నే అయ్యుంటాను."

హన్నా సున్నుండలన్నీ గబగబా ఆయన దోసిట్లోకి ఒంపేసి, మేకు మీది మేజోడు దింపి, కందిపప్పు డబ్బాలో పోసుకుంది.