కళ్లు తెరిచి చేసిన ప్రార్థన

మొన్న ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "అమ్మ నిద్రలోనే పోయిందే" అంది. అక్క అమ్మంటే మా పెద్దమ్మ. చిలకలూరిపేటలో పత్తి మిల్లుకు వెళ్లి పిల్లల్ని పెంచిన మనిషి. ఈరోజు నేను నలుగురిలో తలెత్తుకు తిరుగుతున్నానంటే అది ఆవిడ చలవే.

పదో తరగతిలో నాకు ఫిట్స్ వచ్చేవి. మా ప్రార్థన మందిరం పాస్టరు గారు అది జబ్బు కాదు, నాలో దయ్యం ఉంది, నా పాపమే దాన్ని పిలిచింది అన్నారు. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే నన్ను మోకాళ్ల మీద ఉంచి బెత్తంతో కొట్టేవారు. నా కళ్లూ మూసే ఉండాలి. దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలిసేది కాదు. అందరూ గట్టిగా "ఆమెన్" అనేవాళ్లు. మా అమ్మ కూడా అనేది. దేవుడికే నేనంటే అసహ్యమని నమ్మేశాను.

విషయం తెలిసి పెద్దమ్మ మిల్లు నుంచి నేరుగా వచ్చింది. జుట్టంతా దూది. ప్రార్థన మధ్యలో, చెప్పులు కూడా విప్పకుండా లోపలికి నడిచి నా చెయ్యి పట్టుకుంది.

"దయ్యం ఇంకా పోలేదమ్మా" అన్నారు పాస్టరు గారు.

"పిల్లకి జబ్బండీ. ఆసుపత్రికి తీసుకుపోతున్నా. మీరు కానివ్వండి."

ఆయనకు ఎదురు చెప్పినవాళ్లను అంతకుముందు నేను చూడలేదు. దారి పొడుగునా ఆవిడ మొహం వంకే చూస్తూ నడిచాను.

ఒంగోలు డాక్టరు గారి మాత్రలతో ఫిట్స్ తగ్గాయి, భయం మాత్రం తగ్గలేదు. పెద్దమ్మ నన్ను తన దగ్గరే ఉంచుకుంది. ఆ ఇంట్లో అన్నం ముందు ప్రార్థనకు కళ్లు మూస్తే చాలు, వీపు బిగుసుకుపోయేది. ఆవిడ అది కనిపెట్టింది.

"కళ్లు తెరుచుకునే చెయ్యవే. దేవుడేమన్నా కొట్టడానికొస్తాడా?"

"తప్పు కాదా పెద్దమ్మా?"

"తప్పయితే ఇద్దరం కలిసే చేద్దాంలే."

బుద్ధెరిగినప్పటి నుంచి కళ్లు మూసుకునే ప్రార్థించిన మనిషి, ఆ పూట నుంచి నాతో ఉన్నంతసేపూ కళ్లు మూయలేదు. మధ్యలో గడప దాటొచ్చిన కోడిని "హుష్" అని అదిలించి, మళ్లీ "ప్రభువా" అని అందుకునేది. నాకు నవ్వాగేది కాదు. నవ్వుతూ కూడా ప్రార్థించవచ్చని నాకప్పుడే తెలిసింది.

ఒకసారి మోకాళ్లు నొప్పంటూ చతికిలబడి, "నాకోసం నువ్వు చెయ్యి. నీ మాట వింటాడు" అంది. నా మాట! ఆ రోజంతా నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. అంత చదువూ లేని మనిషికి ఆ ఆలోచన ఎలా తట్టిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

సమాధుల తోటలో పెద్దమ్మ పెట్టె దించాక, ప్రార్థన ఎవరు చేస్తారని అడిగారు. అక్క నా వైపు చూసింది. అంతమంది ముందు నేనెన్నడూ నోరు తెరవలేదు. అయినా ముందుకెళ్లాను. అందరూ కళ్లు మూసి తలలు వంచారు. నేను కళ్లు తెరిచే మొదలుపెట్టాను. గొంతు నేననుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. పక్క చేలో పత్తి తీస్తున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే నడుం ఎత్తి ఇటు తిరిగారు. మేమెవరమో వాళ్లకు తెలియదు. ఒళ్లో పత్తి అలాగే పట్టుకుని, నేను ముగించేదాకా ఎండలో నిలబడే ఉన్నారు.