గడపకు పసుపు రాసిన కొట్టం

నాకు పుట్టుకతో వచ్చిన గుణం అనుమానం. అడగకుండా సాయం చేస్తానని ఎవరైనా వస్తే, ముందు వాళ్ల చేతుల వైపు చూస్తాను, మొహం వైపు తర్వాత. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. నేను జాగ్రత్త అనేదాన్ని.

మా ఇల్లు చౌడేపల్లెకు దగ్గరలో, వానలకు పొంగే వంక ఒడ్డున ఉంది. నేను కోడలిగా వచ్చిన కొత్తల్లో వెనక గోడకూ వంకకూ మధ్య బట్టలుతికే బండ, ఒక కరివేపాకు చెట్టు, రెండు ఆవులు కట్టేసుకునేంత చోటు ఉండేవి. వానలు గట్టిగా పడిన ఒక ఏడాది బండ వంకలోకి జారిపోయింది. తర్వాత చెట్టు పోయింది. చివరికి ఒడ్డు గోడకు నాలుగడుగుల దూరానికి వచ్చేసింది. వాన పడుతుంటే మట్టి పెళ్లలు విరిగి నీళ్లలో పడే చప్పుడు వంటింట్లోకి వినిపించేది. అది విన్నప్పుడల్లా మా అత్త చెబుతున్న మాట మధ్యలోనే ఆపేసేది.

అప్పుడే ఊళ్లో ఒక మాట మొదలైంది. వంక కోతలో ఉన్న ఇళ్లవాళ్లకు ప్రభుత్వం మెయిన్ రోడ్డు పక్కన స్థలమిచ్చి, ఇల్లు కట్టుకోవడానికి డబ్బులిస్తుందట. ముందు కొలతలకు వస్తారట. ఊరంతా సంబరపడింది. నాకు మాత్రం అనుమానం వచ్చింది. కారణం లేకపోలేదు. మదనపల్లెలో మా నాన్నకు చిన్న చిల్లరంగడి ఉండేది. నా చిన్నప్పుడు టేపు పట్టుకుని ఇద్దరొచ్చారు. "మీ మంచికేనప్పా" అంటూ గోడ మీద ఎర్ర రంగుతో అంకె వేసి వెళ్లారు. కొన్నాళ్లకు రోడ్డు వెడల్పు పనుల్లో అంగడి ముందు భాగం పోయింది. మిగిలిన దాంట్లో స్టూలు వేసుకునే చోటు కూడా లేక మా నాన్న చివరిదాకా నిలబడే బేరాలు చేశాడు.

అందుకని మా ఆయనకు గట్టిగా చెప్పాను. వంక పక్కన ఇల్లుందని రాసుకుంటే పడగొడతారు, పశువుల కొట్టమంటే పట్టించుకోరు. కొలతలకు వస్తారన్న రోజు పొద్దున్నే మంచం, బీరువా, గ్యాస్ పొయ్యి ఎదురింట్లో పెట్టాం. ఆవులు రెండింటినీ ముందు గదిలో కట్టేసి, జొన్నచొప్ప వేశాం. మా అత్త గుమ్మం బయట నిలబడి అంతా చూసింది.

"నేను కాపురం చేసిన ఇంట్లో ఆవులా? సర్కారోళ్లు సాయం చేస్తామంటాంటే యాల దాస్తావు?" అంది.

"నీకు తెలీదత్తా. ఈ పొద్దు ఒక్క దినం గమ్మునుండు."

టేపు పట్టుకుని ఒకాయన, ఫోన్ పట్టుకుని ఒక ఆఫీసు అమ్మాయి వచ్చారు. ఆయన గోడ నుంచి ఒడ్డుదాకా కొలిచాడు. ఆ అమ్మాయి లోపలికి తొంగిచూసి, "ఎవరైనా ఉంటారామ్మా ఇందులో?" అని అడిగింది.

"ఎవురూ లేరు. ఆవులు కట్టేసుకుంటాం."

ఆ అమ్మాయి చూపు గడప మీద ఆగింది. ఇల్లంతా ఖాళీ చేశాను గానీ గడప సంగతి మర్చిపోయాను. మా అత్త ముందు రోజు, శుక్రవారం, గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. కొట్టానికి ఎవరూ గడప పూజ చెయ్యరు.

"ఇల్లయితే ఇల్లనే చెప్పండమ్మా. మీ మంచికే" అందామె, మెల్లగా.

ఆ ఒక్క మాటతో నాకు మిగిలిన సందేహం కూడా తీరిపోయింది. "మాకు ఆవులు కూడా లచ్చిమే కదమ్మా" అన్నాను. ఆమె ఆవుల మధ్య నన్ను నిలబెట్టి ఫొటో తీసుకుంది, సంతకం పెట్టించుకుంది. మా వరుసలో అన్ని గోడలకూ ఎర్ర అంకెలు పడ్డాయి, మా గోడకు తప్ప. ఆ రోజు నేను ఎంత గర్వపడ్డానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అంకెలు పడ్డవాళ్లను చూసి జాలిపడ్డాను కూడా.

వాళ్లకు స్థలాల కాగితాలొచ్చాయి. ఇదంతా నాటకమన్నాను. పునాదులు లేచాయి. మధ్యలో ఆపేస్తారన్నాను. పక్కింటివాళ్లు కొత్తింట్లో పాలు పొంగించి, భోజనానికి పిలిచారు. అన్నం తింటూ కిటికీలు లెక్కపెట్టాను. ఆ సాయంత్రం వానకు వెనక గోడ అడుగున చెయ్యి పట్టేంత సందు పడింది.

మర్నాడే పుంగనూరు బస్సెక్కి ఆఫీసుకు వెళ్లాం. అత్త కూడా వస్తానని పట్టుబట్టింది. అక్కడి మనిషి కంప్యూటర్ మా వైపు తిప్పాడు. రెండు ఆవులు, వాటి మధ్య నేను. నవ్వుతున్నాను. కింద రాసింది ఆయనే చదివాడు. పశువుల కొట్టం. నివాసం లేదు.

మా అత్త తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. "అయితే ఇన్నేండ్లు నేను యాడుండానప్పా?" అని ఆయన్ను అడిగింది. ఆయన కంప్యూటర్‌ను మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు.

అర్జీ రాసిచ్చాం. మళ్లీ ఒకరు వచ్చి చూస్తారన్నారు, ఎప్పుడో చెప్పలేదు. వాళ్లు వస్తారన్న నమ్మకం నాకు లేదు. కానీ నా అనుమానం మీద కూడా ఇప్పుడు నమ్మకం లేదు.

ఒడ్డు గోడకు రెండడుగుల్లో ఉంది. మా అత్త ఇప్పుడు శుక్రవారం కోసం ఆగడం లేదు, రోజూ గడపకు పసుపు రాస్తోంది. మధ్యాహ్నం కంచం తెచ్చుకుని గుమ్మంలోనే కూర్చుంటుంది. ఎండగా ఉంది, లోపల తినమంటే వినదు. దారిలో బండి చప్పుడైతే కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగుతుంది.

"వాళ్లొచ్చేటప్పటికి నేను ఈడ కూడు తింటా కనపడాల" అంటుంది.