రేవులో మట్టిమనిషి

రాజమండ్రిలో ఏ ఆఫీసుకి వెళ్లినా సూర్యకళ దగ్గర టైపు నేర్చుకున్నవాళ్లు ఒకరిద్దరు తగిలేవారు. ఇన్నీసుపేటలో ఒక మేడ మీద ఆమె ఇన్‌స్టిట్యూట్. తండ్రి పోయాక కొవ్వూరు పక్క ఊళ్లో ఉన్న పొలం కౌలుకిచ్చి, తల్లి రత్నమాణిక్యాన్నీ తమ్ముడు ఉదయభాస్కర్‌నీ వెంటబెట్టుకుని గోదావరి దాటి వచ్చింది. పెళ్లి మాట మొదట్లో తల్లి ఎత్తేది, తర్వాత తల్లే మానేసింది. సూర్యకళది తక్కువ మాట. మిషను మీద గుడ్డ కప్పి, అక్షరాలు చూడకుండా కొట్టమనేది. ఏ అక్షరానికి ఏ వేలో ఆ వేలే వెళ్లాలి. చూపుడువేలితో పొడిచే పిల్లల్ని చూసి, "అది టైపు కాదమ్మా, కోడి గింజలేరుకోవడం" అనేది. ఆమె నోట వచ్చే వేళాకోళం అదొక్కటే.

తొంభైల చివరికి బ్యాచీలు పల్చబడ్డాయి. భాస్కర్ ముందుగదిలో కంప్యూటరు పెట్టి శుభలేఖలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు చేసివ్వడం మొదలెట్టాడు. సూర్యకళ కాదనలేదు, దాని దగ్గరికీ వెళ్లలేదు. పని లేనప్పుడు అతను ఒక ఆట ఆడేవాడు. హైదరాబాదు నుంచి ఎవరో తెచ్చిన సీడీ. అట్టా లేదు, బొమ్మా లేదు.

అదొక మట్టిబొమ్మల ఆట. పొడుగు కోటు తొడుక్కున్న మట్టిమనిషి ఒకడు ఒక ఊళ్లో నిద్రలేస్తాడు. అప్పటికే ఊరు ఊరంతా వెళ్లిపోయి ఉంటుంది. తలుపులు తీసే ఉంటాయి, పొయ్యి మీద గిన్నె ఇంకా పొగలు కక్కుతూ ఉంటుంది, మనుషులు మాత్రం ఉండరు. వాణ్ణి ఆ ఊరు దాటించాలి. తుపాకులు లేవు, పరుగులు లేవు. తెర మీద బాణం గుర్తుని ఎక్కడ నొక్కితే అక్కడికి నడుస్తాడు. వస్తువు మీద నొక్కితే తీసి సంచిలో వేసుకుంటాడు. సంచిలోది తీసి ఇంకోదానికి తగిలిస్తే పనికొస్తే సరే, లేకపోతే భుజాలెగరేసి "నో గుడ్" అంటాడు. రత్నమాణిక్యానికి ఆ ముక్క పట్టుబడింది. పులుసులో ఉప్పెక్కువైనా, కరెంటు పోయినా "నో గుడ్" అనేది. కొడుకు నవ్వేవాడు.

రెండువేల సంవత్సరం వానల్లో భాస్కర్‌కి కామెర్లొచ్చాయి. ముందు పసరు మందు, ఆ తర్వాత కాకినాడలో ఆస్పత్రి. మంచం పక్కన సూర్యకళ ఉండేది. ఒక మధ్యాహ్నం కాస్త తెరిపిన పడి, ఆట సంగతి ఎత్తాడు.

"వాణ్ణి రేవు దాకా తెచ్చానక్కా. అవతల పడవుంది. పడవవాడు ఇటు చూడటం లేదు. ఏదో చిన్నదే మర్చిపోతున్నా. ఇంటికొచ్చాక చూస్తాను, ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

"సరేలే. ముందు మజ్జిగ తాగు" అంది సూర్యకళ.

అక్కాతమ్ముళ్లు తెలివిలో మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవి. సాయంత్రానికి అతను మనుషుల్ని పోల్చుకోలేదు, ఆ తర్వాత ఇంక పోల్చుకోనేలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక భాస్కర్ స్నేహితుడు దొరబాబు వచ్చాడు. దేవీచౌక్ దగ్గర నెట్ సెంటరు నడుపుతాడు. మిషను ఊరికే పడుంటే పాడవుతుందండి, ఎవరికైనా ఇప్పించెయ్యమంటారా అని అడిగాడు. సూర్యకళ అది ఎలా వెయ్యాలో చూపించమంది. దొరబాబు వేసి, ఆట తెరిచాడు. ఎక్కడ ఆపితే అక్కడే గుర్తుపెట్టుకుంటుందండి ఇది, ఒక్క చోటే గుర్తుపెట్టుకుంటుంది అని చెప్పాడు.

రేవు కనిపించింది. చెక్కల చివర మట్టిమనిషి నిలబడి ఉన్నాడు. ఎవరూ ఏమీ నొక్కకపోతే కాసేపటికి కూర్చుని కాళ్లు నీళ్ల మీదికి వేలాడేశాడు. ఇంకాసేపటికి మెడ తిప్పి తెర బయటికి చూశాడు. ఆట నడిపేవాళ్లు ఎక్కడుంటారో సరిగ్గా అక్కడికే చూశాడు.

సూర్యకళ ఆపెయ్యమంది.

మర్నాడు తనే వేసింది. సాయంత్రం బ్యాచీ వెళ్లాక అది అలవాటయింది. రత్నమాణిక్యం కూడా ముక్కాలి పీట లాక్కుని పక్కన కూర్చునేది. వాణ్ణి పడవెక్కించాలి, అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగినా సూర్యకళ చెప్పేది కాదు. తమ్ముడు సగంలో వదిలిన శుభలేఖలు ఎవరెవరో పట్టుకెళ్లి పూర్తిచేయించుకున్నారు. ఇదొక్కటీ మిగిలింది.

పదివేళ్లతో పనిచేసిన మనిషి ఇప్పుడు ఒక్క వేలితో తెరంతా పొడుస్తూ కూర్చుంది. రేవు గుంజలు, తెగిన తాడు, నీళ్లలో తేలే చెత్త, ఆకాశం. ఏది నొక్కితే పలుకుతుందో, ఏది ఉత్త బొమ్మో తెలిసే దారి లేదు. ఒక గుంజకి కొట్టిన మేకు మీద బాణం గుర్తు మెరిసిందని అనిపించి ఒక పూటంతా దాని వెనకే పడింది. సంచిలో ఉన్నవి పగిలిన ఈల, గొడుగు ఊచ, నూనె డబ్బా, అగ్గిపెట్టె, చిలుమెక్కిన గొళ్లెం. ప్రతిదాన్నీ ప్రతిదానికీ తగిలించి చూసింది. ఈల ఊదితే గాలి తుస్సుమంది. గొడుగు ఊచ ఊపితే పడవవాడు వీపు కూడా కదల్చలేదు. నూనె డబ్బాకి అగ్గిపుల్ల చూపిస్తే మట్టిమనిషి భుజాలెగరేశాడు. వెనక్కి వెళ్దామంటే రేవు గేటు అంతకుముందే మూసుకుపోయింది. కరెంటు పోయి మళ్లీ వచ్చినా వాడు అక్కడే ఉండేవాడు. భాస్కర్ పోయిన రోజు ఆస్పత్రివాళ్లు అతని చొక్కాజేబులోవి తీసి ఒక కవరులో వేసి ఇచ్చారు. బస్సు టిక్కెట్టు, తాళంచెవి, సగం చీల్చిన మాత్రల అట్ట. ఈ సంచిలో ఉన్నవీ అతను ఏరుకున్నవే కదా అని ఒకసారి అనుకుని, సూర్యకళ ఆ పూటకి లేచిపోయింది.

అయినా మర్నాడు మళ్లీ కూర్చునేది. విసుగెత్తించినా ఆ మట్టిలో ఏదో ఉంది. మొహం దగ్గరగా వచ్చినప్పుడు మట్టిమనిషి చెంప మీద ఒక వేలిముద్ర కనిపించేది. రెప్ప వేస్తే అది చెరిగి, ఇంకోచోట ఇంకోటి పడేది. ఏంటిదని దొరబాబుని అడిగింది. అవి నిజం బొమ్మలేనండి, ఎవరో చేత్తో కాస్త కదిపి, చెయ్యి తీసి ఫొటో కొడతారు, మళ్లీ కదిపి మళ్లీ కొడతారు, అవన్నీ వరసగా తిప్పితే నడిచినట్టుంటుంది అని చెప్పాడు. కదిపిన చెయ్యి ఎక్కడా పడదన్నమాట, అంది సూర్యకళ. ఆయ్, పడితే ఆ ఫొటో పనికిరాదండి, అన్నాడు.

ఆ మాట ఆమెని వదల్లేదు. అంతకు ముందు కుర్చీలో కూర్చోగానే ఆట మొదలెట్టేది. ఇప్పుడు కాసేపు ఏమీ ముట్టుకోకుండా వాణ్ణే చూసేది. ఆ మనిషి అక్కడ నిలబడ్డాడంటే ఎవరో నిలబెట్టి చెయ్యి తీశారు. పక్కన తల్లి కూడా వాణ్ణే చూసేది. ఒక్కోసారి ఎవరి ఊపిరి ఎవరిదో తెలిసేది కాదు ఆ గదిలో.

చివరికి దొరబాబుకే అప్పజెప్పింది, నెట్టులో ఎవరైనా చెప్పారేమో చూడమని. అతను వారం తిరక్కుండానే మెట్లెక్కి వచ్చాడు, కానీ వచ్చినవాడు నీళ్లు తాగి, కుర్చీ జరుపుకుని, ఫ్యాను చూస్తూ కూర్చున్నాడు.

"దొరికిందా?"

"దొరికిందండి. కానీ లాభం లేదక్కా. దీపం చూపిస్తే పడవవాడు వస్తాడు. ఆ దీపం మన దగ్గర లేదు."

"ఎక్కడుంది?"

"ఊళ్లో, మెట్ల పక్కన గోడలో గూడు ఒకటుంటుందటండి. అందులో ఒక ముసలావిడ బొమ్మ, ముందు చిన్న దీపం వెలుగుతూ. అది ఎత్తి సంచిలో వేసుకోవాలి. మన భాస్కర్ ఎత్తలేదు. గేటు పడ్డాక ఇంక వెనక్కి దారి లేదు. మొదట్నించీ ఆడుకురావాల్సిందే."

సూర్యకళకి కోపం వచ్చింది. తప్పు చేస్తే చేసినచోట చెప్పాలి కదా, అన్నీ సరిగ్గా ఉన్నట్టు ఇంత దూరం నడిపించి, ఇక్కడ కూర్చోబెట్టడం ఏంటని అడిగింది. దొరబాబు ఆ ఆట తనే తయారుచేసినట్టు తల దించుకున్నాడు. అతను ఇంకో మాట కూడా చెప్పాడు. మొదట్నించీ మొదలెడితే భాస్కర్ ఆపిన చోటు చెరిగిపోతుంది. కావాలంటే అదొక్కటీ ఫ్లాపీలో ఎక్కించి ఇస్తానండి, ఎప్పుడైనా చూసుకోవచ్చు అన్నాడు. ఆలోచించి చెబుతానంది.

అతను వెళ్లాక కూడా ఆమె లేవలేదు. భాస్కర్ వస్తువుల మీద వస్తువులు ఏరుకుంటూ వచ్చినవాడు. వెలుగుతున్న దీపం కంటపడకుండా ఎలా పోతుంది? కొవ్వూరు రేవులో కార్తీకమాసం గుర్తొచ్చింది. ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వదిలేవారు. కాస్త దిగువన మగపిల్లలు నడుంలోతు నీళ్లలో కాపుకాసి, దొప్పల్లో వేసిన చిల్లర ఏరుకునేవారు. భాస్కర్ కూడా వాళ్లతో దిగేవాడు. దీపం దగ్గరికొస్తే మాత్రం పక్కకి తప్పుకునేవాడు. ఒడ్డుకి తట్టుకుని ఆగిన దొప్పని వేలితో మెల్లిగా నెట్టి పంపేవాడు. పిల్లలు ఎగతాళి చేస్తే, ఎవరి పేరు చెప్పి వదిలారో మనకేం తెలుసురా అనేవాడు.

చూశాడు. చూసి, మట్టిమనిషిని ఆ గూటి పక్కనుంచి నడిపించుకుని వచ్చేశాడు. అది తీసుకోవాల్సిన వస్తువని అతనికి తోచనే లేదు, అందుకే ఆస్పత్రిలో అంత ఆలోచించినా గుర్తు రాలేదు.

సంగతి తల్లికి చెప్పింది. తెర మీద మట్టిమనిషి కూర్చున్నాడు, మెడ తిప్పి చూశాడు, మళ్లీ నీళ్ల వైపు తిరిగాడు.

"వాడు తియ్యడు" అంది రత్నమాణిక్యం. "నువ్వు తియ్యి. పడవ రావాలి కదా."

ఫ్లాపీ గురించి కూడా సూర్యకళ చెప్పింది.

"దాచి ఏం చేస్తాం? వాణ్ణి అక్కడే కూర్చోబెట్టి ఉంచడమే కదే."

మర్నాడు సాయంత్రం సూర్యకళ మొదట్నించీ మొదలుపెట్టింది. పాతది చెరిపెయ్యమంటావా అని మిషను అడిగినప్పుడు ఆమె వేలు కాసేపు గాల్లో ఆగింది. నొక్కింది. రేవు పోయింది. ఖాళీ ఊళ్లో మట్టిమనిషి కళ్లు నులుముకుంటూ మంచం మీద లేచి కూర్చున్నాడు. వాడికి ఏదీ గుర్తున్నట్టు లేదు.

కొన్నిచోట్ల భాస్కర్ ఆడగా చూసింది జ్ఞాపకమొచ్చింది, కొన్నిచోట్ల దొరబాబు అందించాడు. ఈల ఒక ఇంట్లో మంచం కింద దొరికింది, నూనె డబ్బా ఇంకో ఇంట్లో. ప్రతి గదిలోనూ ఇంతకు ముందు ఎవరో వచ్చి వెళ్లినట్టే ఉండేది. ఆట చెరిపేసినా ఆ చెరపడం ఈ గదుల దాకా రాలేదేమో అనిపించేది. సూర్యకళ కావాలని ఆలస్యం చేస్తోందని రత్నమాణిక్యానికి తెలుసు. అయినా తొందరపెట్టలేదు.

మెట్ల దగ్గరికి వచ్చారు. గోడలో గూడు, లోపల చిన్న మట్టి మొహం, ముందు దీపం. బాణం గుర్తు దాని మీద పెట్టగానే మెరిసింది. భాస్కర్‌కీ ఇలాగే మెరిసి ఉంటుంది. సూర్యకళ నొక్కలేకపోయింది. మట్టిమనిషి గూటి ముందు నిలబడి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు.

రత్నమాణిక్యం చెయ్యి వచ్చి కూతురి చేతి మీద పడింది. ఆ చెయ్యి నొక్కిందో తన వేలే నొక్కిందో సూర్యకళకి తెలియలేదు. మట్టిమనిషి రెండు చేతులూ చాపి దీపం ఎత్తుకున్నాడు. వెలుగు కదిలి ముసలావిడ మొహం మీద ఒక్క క్షణం నిలిచింది. ఆ నుదుటి మీద ఎవరిదో బొటనవేలి ముద్ర కనిపించింది. తర్వాత గూడు చీకటయింది.

అక్కణ్ణించి రేవుకి ఎంతోసేపు పట్టలేదు. గేటు వెనకాల పడింది. నూనె పోసి, ఒత్తి సరిచేసి, దీపం పైకెత్తి పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ వీపు చూపించిన పడవవాడు తల తిప్పాడు. తెడ్డు అందుకున్నాడు. ఆ నీళ్లు కూడా మట్టే, అల అలకీ అరచేతి ముద్రలు. పడవ మెల్లిగా వచ్చి చెక్కలకి ఆనింది. మట్టిమనిషి సంచి భుజాన వేసుకుని, ఒక కాలు పెట్టి, ఆగి, రెండో కాలు కూడా పెట్టాడు. పడవవాడు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఏటి మధ్యకి వెళ్లేసరికి దీపం ఒక్కటే కనిపించింది. తర్వాత అదీ కనిపించలేదు. తెర మీద ఎవరివో పేర్లు వచ్చి పోయాయి.

"ఇంతేనా?" అంది సూర్యకళ. "అవతల ఒడ్డు చూపించరా?" ఉత్త నీళ్ల మీద అక్కడా ఇక్కడా నొక్కింది. ఏదీ పలకలేదు.

రత్నమాణిక్యం తెర వైపే చూస్తూ ఉంది.

"ఆ పడవవాడు మంచివాడిలాగే ఉన్నాడే" అంది కాసేపటికి. "చెయ్యిచ్చి ఎక్కించుకున్నాడు."