మా తాత లైబ్రరీ, ఎంకయ్య ఆపని ఫ్యాన్లు

మా తాత రత్నాకర్‌కు డెబ్భై రెండేళ్లు. మూడు జతల కళ్ళద్దాలు, ఒక పాత కంప్యూటర్, ఒక లైబ్రరీ ఆయన ఆస్తి. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. సి అనే కంప్యూటర్ భాషలో ఆయన రాసిన నాలుగు వేల లైన్లు. అవి యంత్రం లోపల అన్నిటికంటే అడుగున ఉంటాయి. పైన పనిచేసే ప్రోగ్రాములు ఒక మోటార్‌తోనో, ఒక థర్మామీటర్‌తోనో మాట్లాడాలంటే వీటి ద్వారానే మాట్లాడాలి. సరిగ్గా నడుస్తున్నంతకాలం అవి ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

"మనింటి మోరి లెక్కనా తాత?" అని ఒకసారి మురుగుకాల్వతో పోల్చి అడిగాను.

"గంతే" అన్నాడు. కోపం రాలేదు. ఆయనకు కోపం తెప్పించాలని చిన్నప్పటి నుంచి నేను చేసిన ప్రయత్నాల్లో ఒక్కటీ ఫలించలేదు.

హైదరాబాద్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి ముడిమ్యాలకు తిరిగొచ్చాడు. రిటైరయ్యేటప్పుడు అందరూ గోడగడియారం తెచ్చుకున్నారు. మా తాత మాత్రం పైవాళ్ళ అనుమతి అడిగి తాను రాసిన ఆ లైన్లు తెచ్చుకున్నాడు. ఎవరైనా వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఎక్కడెక్కడివాళ్ళో వాడుతున్నారు. తప్పు కనిపిస్తే ఈమెయిల్ రాస్తారు. తాత దిద్ది పెడతాడు. జీతం లేదు, సెలవు లేదు.

"చందనవెల్లిల గంత పెద్ద పెద్ద కంప్యూటర్ బిల్డింగులు కట్టిన్రు. పోయి నౌకరి అడుగరాదు" అంటే, "ఆడ గూడ అడుగున మోరీలే ఉంటయి బిడ్డా" అన్నాడు. నా మాట నాకే అప్పజెప్పడం ఆయనకు బాగా వచ్చు.

నేను లిదియాను. ఇంటర్ రెండుసార్లు తప్పాను. తాత నాకు లెక్కలు చెబుదామని చూశాడు. నేను ఆయన కళ్ళద్దాలు బియ్యం డబ్బాలో దాచాను. మా చదువు అక్కడితో ముగిసింది. ఇప్పుడు మొయినాబాద్ దగ్గర జనార్దన్ అన్న పాలీహౌస్‌లో జెర్బరా పూలు కోసి కట్టలు కడతాను.

పోయిన నవంబర్‌లో తాత భార్య, మా అవ్వ ఎస్తేర్ చనిపోయింది. పదకొండు రోజులు దవాఖానలో ఉంది. సమాధి దగ్గర నుంచి వచ్చాక తాత కాళ్ళు కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సంఘంవాళ్ళు వచ్చి ప్రార్థన చేస్తే ఆమెన్ అనాల్సిన చోటల్లా అన్నాడు. ఏడవలేదు. మర్నాడు ఐదింటికి లేచాడు, చాయ తాగాడు, మళ్ళీ కూర్చున్నాడు.

ఒకరోజు కావాలనే పప్పులో ఉప్పు వేయలేదు. ఏమంటాడో చూద్దామని. తిన్నాడు. రెండోరోజూ వేయలేదు. అదీ తిన్నాడు. మూడోరోజు నేనే వేశాను. ఆ రెండు రోజులూ నేను కూడా అదే పప్పు తిన్నానని తర్వాత గుర్తొచ్చింది.

చలికాలం అట్లాగే గడిచింది. ఏప్రిల్ వచ్చింది.

పాలీహౌస్ అంటే ప్లాస్టిక్ కప్పు వేసిన పెద్ద షెడ్డు. ఎండాకాలం మధ్యాహ్నం దాని ఫ్యాన్లు ఆగితే గంటలో మొక్కలు ఉడికిపోతాయి. అందుకే ఫ్యాన్ల మీద మనుషుల పెత్తనం ఉండదు. గోడకు ఒక డబ్బా ఉంటుంది. అది వేడి చూసుకుని, ఫ్యాన్లు అదే తిప్పుతుంది. దాని పక్కన, అవసరమైతే చేత్తో ఆపడానికి ఒక స్విచ్ ఉంటుంది. మేమంతా అన్నానికి వెళ్ళినప్పుడు ఆ స్విచ్ కింద కుర్చీ వేసుకుని వాచ్‌మన్ ఎంకయ్య కూర్చునేవాడు. ఆయనదీ ముడిమ్యాలే. నేను ఆయన్ని 'కాక' అని పిలుస్తాను, బాబాయి అన్నట్టు. ఫ్యాన్ల లొల్లికి చెవులు పోతున్నాయని రోజూ అనేవాడు. అంటూనే నిద్రపోయేవాడు.

ఒక మంగళవారం మేం రెండింటికి తిరిగొచ్చేసరికి షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. పూల తలలన్నీ వాలిపోయాయి. ఎంకయ్య కుర్చీలో నిద్రపోతున్నాడు. నేను లేపాను. అందరం ఆ స్విచ్‌ను పైకీ కిందికీ నాలుగైదుసార్లు కొట్టాం. ఫ్యాన్లు తిరగలేదు. చివరికి డబ్బాకు కరెంటు తీసి మళ్ళీ పెడితే ఫ్యాన్లు తిరిగాయి. అప్పటికి స్విచ్ మొదట ఎట్లా ఉందో ఒక్కరికీ గుర్తు లేదు.

జనార్దన్ అన్న వచ్చాడు. ఒకప్పుడు సర్పంచ్‌గా చేసిన మనిషి, గొంతు పెంచడు.

"నిద్రవోయినవా ఎంకయ్య?"

"పోయిన పటేలా."

"లిదియా, నువ్వు చూసినవా?"

"నిద్రల ఉండె అన్న" అన్నాను. అది నిజమే.

"ఫ్యాన్ల సప్పుడుకు నిద్ర పడుతలేదని బంద్ జేసినవా?"

ఎంకయ్య స్విచ్ వైపు చాలాసేపు చూశాడు. "చేసిన్నేమో పటేలా. యాదికి లేదు."

"రేపటి సంది రాకు" అన్నాడు జనార్దన్ అన్న. ఎంకయ్య తన సద్ది గిన్నె తీసుకుని బస్సుకు నడిచాడు. మేం వాడిన మొక్కలు పీకి బయట వేశాం. మూడు మడులు పోయాయి.

రాత్రి తింటూ తాతకు చెప్పాను, ఊళ్ళో ముచ్చట చెప్పినట్టే. ఆయన ఒక్కటే అడిగాడు.

"డబ్బాకు కరెంటు తీసి పెడితె తిరిగినయా?"

"ఆ."

రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు. "రేపు ఆ డబ్బ మల్ల షురువయ్యేటప్పుడు తెర మీద ఏం పడతదో ఫోన్ల ఫోటో తియ్యి."

తీశాను. తెర మీద మూడో లైన్లో మా తాత లైబ్రరీ పేరు ఉంది. ఆ డబ్బా చేసిన పట్నం కంపెనీ ఎవరో దాన్ని ఇంటర్నెట్ నుంచి తీసుకుని లోపల పెట్టుకున్నారు. అట్లా పెట్టుకోవచ్చని చెప్పింది తాతే కాబట్టి వాళ్ళు ఆయనకు చెప్పాల్సిన పని లేదు.

తాత పాత ఈమెయిళ్ళు వెనక్కి తిప్పాడు. నవంబర్ పద్నాలుగున ఒకటి ఉంది. పక్కన ఎర్ర గుర్తు పెట్టి ఉంది, తర్వాత చూడాలని. ఆ రోజు అవ్వకు ఆక్సిజన్ పెట్టారు. రాసింది పోలండ్‌లో ఉండే ఒక అమ్మాయి. తాత దాన్ని నాకు తెలుగులో చదివి వినిపించాడు, రేడియోలో వాతావరణం చెప్పినట్టు. మొదటిసారి నాకు అర్థం కాలేదు.

"నాకు సమజయ్యేటట్టు చెప్పు తాత. నేను రెండుసార్ల ఇంటర్ ఫెయిల్."

"దవాఖానల టోకెన్లు ఇస్తరు గద. నీకు ఏడో నంబర్. నీ పనైంది, ఏడు వాపస్ ఇచ్చినవ్. కంపౌండర్ తీసుకున్నడు. సరే అనేలోపట ఎవరో పిలిస్తె అటు తిరిగిండు. ఇనలేదేమో అని నువ్వు మల్లొకసారి, ఏడు అయిపోయింది, కొట్టెయ్యి అన్నవ్. గానీ ఈలోపట ఆ ఏడు ఇంకో ముసలమ్మకు ఇచ్చిన్రు. ఆమె నంబర్ కొట్టేసిన్రు. ఆమె బల్ల మీద కూసోనే ఉంటది. ఎవ్వరు పిలువరు."

"ఫ్యాన్లు ఆ ముసలమ్మనా?"

"ఆ. థర్మామీటర్ లైన్ మూసేటప్పుడు నా కోడ్ రెండుసార్లు మూస్తున్నది. రెండోసారి మూసేది ఫ్యాన్లది. ఏండ్లకొకసారి పడతది గసొంటి ఘడియ. మంగళారం పడ్డది."

"రెండుసార్లు ఎందుకు మూయమన్నవ్ మల్ల?"

"ఫ్యాక్టరీల పాత మిషన్లకు అట్లనే మూయాలె. మొదటిసారి ఇనకపోతుండె అవి. ఇప్పటియి మొదటిసారే ఇంటయి. నాకు ఎరుకనే. చూసుకోలేదు."

దిద్దడానికి ఐదు నిమిషాలు పట్టింది. నాలుగు లైన్లు తీసేశాడు. కొత్తగా ఒక్కటీ రాయలేదు. కానీ ఆయన అక్కడితో ఆగడు. ఏ తప్పైనా ముందు తన కళ్ళ ముందు జరగాలి, అప్పుడే దాన్ని దిద్దినట్టు లెక్క. లేకపోతే ఊరికే అనుకోవడమే అంటాడు. రెండు రోజులు కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. డబ్బా రోజంతా చేసే పనిని అది ఒక్క సెకనులో చేస్తుంది. అలమారలోంచి ఒక పాత బోర్డు తీసి, దానికి మా ఇంటి టేబుల్ ఫ్యాన్ కలిపాడు. పాత లైన్లతో నడిపితే నలభై నిమిషాలకు ఫ్యాన్ ఆగింది. కొత్త లైన్లతో రోజంతా తిరిగింది. పోలండ్ అమ్మాయికి, ఆలస్యమైనందుకు క్షమించమని రాశాడు. ఎందుకు ఆలస్యమైందో రాయలేదు. డబ్బా కంపెనీకి కూడా చెప్పాడు.

తర్వాతి వారం శనివారం నాతో బయలుదేరాడు. చేవెళ్లలో బస్సు మారి మొయినాబాద్ వెళ్ళాం. అవ్వ పోయాక ఆయన ఊరు దాటడం అదే మొదటిసారి. కిటికీ పక్కన కూర్చోబెట్టాను, దారంతా ముందు సీటు వెనక రాసిన ఫోన్ నంబర్ చూస్తూ వచ్చాడు.

జనార్దన్ అన్న కుర్చీ వేయించి, చాయ తెప్పించి, మొత్తం విన్నాడు.

"సార్, మీరు పెద్దమనుషులు. ఎంకయ్య మీద పావురంతోని, ప్రేమతోని చెప్తున్నరు."

"పావురం గాదు. ఈ తప్పు గురించి నాకు నవంబర్ల ఉత్తరమొచ్చింది. నేను చదువలేదు."

"నవంబర్ల ఎస్తేరమ్మ పోయింది గద సార్."

"పోయింది. ఉత్తరం గూడ వచ్చింది."

జనార్దన్ అన్న చాయ గ్లాసు బల్ల మీద తిప్పుతూ కూర్చున్నాడు. "సరే. ఎంకయ్యను సోమారం రమ్మనున్రి. డబ్బకు ఆ కొత్తది వేయించున్రి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ ముసలాయనను నిద్రవోవద్దని గూడ చెప్పు" అన్నాడు.

పని అయిపోయిందనుకున్నాను. ముడిమ్యాలలో బస్సు దిగి నేరుగా ఎంకయ్య ఇంటికి వెళ్ళాం. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. తాత మళ్ళీ మొత్తం చెప్పాడు. ఎంకయ్య తల అడ్డంగా ఊపాడు.

"లేదు సారు. నేనే చేసిన. ఇప్పుడు యాదికొచ్చింది. కుర్చిల నుంచి లేసిన. చెయ్యి పెట్టిన. స్విచ్ వేడిగ ఉండె."

"నువ్వు లేవలేదు ఎంకయ్య."

"నాకు కండ్లకు కట్టినట్టు కనపడుతున్నది సారు. రోజు కనపడుతున్నది. మీరు నా మీద దయతోని చెప్తున్నరు. నేను రాను. ఒకసారి తెల్వకుంట చేసినోడు మల్ల చెయ్యడని ఏమున్నది? నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు."

"గిన్ని రోజులకు పని దొరికితె వద్దంటవేంది కాక" అన్నాను. "పూలు పోతె పోయినయి. పని వాపస్ ఇస్తున్నరు."

"పూలు సచ్చినయి గద బిడ్డా, నా చేతుల" అన్నాడు. తాత ఆ ఈమెయిల్ చదివిన గొంతుతోనే అన్నాడు.

తాత, "రేపు చర్చి అయినంక మా ఇంటికి రా. ఒకటి చూపెడత" అన్నాడు.

ఆదివారం పదకొండింటికి ఎంకయ్య వచ్చాడు. తాత పాత లైన్లు మళ్ళీ ఎక్కించి, టేబుల్ ఫ్యాన్‌ను బోర్డుకు కలిపి నడిపాడు. మూడు కుర్చీలు వేసి, ఫ్యాన్‌కు ఆరు అడుగుల దూరంలో కూర్చోబెట్టాడు.

"ఏం జెయ్యాలె సారు?"

"ఏం జెయ్యొద్దు. చూడు."

"చేతులు కట్టుకోని కూసో కాక" అన్నాను. "మల్ల నీ మీదికే వస్తది."

నిజంగానే కట్టుకున్నాడు. ఎదురుచూశాం. పావుగంట గడిచింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. తాత గడియారం చూడలేదు, నన్ను చూడలేదు. ఫ్యాన్‌నే చూస్తున్నాడు. అరగంటకు ఎంకయ్య తల ముందుకు వాలింది, సన్నగా గురక మొదలైంది. కట్టుకున్న చేతులు వదులై ఒళ్ళో పడ్డాయి. నేను లేపబోతే తాత వద్దని సైగ చేశాడు.

మరి కొంతసేపటికి ఫ్యాన్ నెమ్మదించి, ఆగిపోయింది. ఎవరం కదలలేదు. చప్పుడు లేకపోవడంతో ఎంకయ్యకు మెలకువ వచ్చింది. ముందు ఫ్యాన్ చూశాడు, తర్వాత తన కుర్చీ, తర్వాత మధ్యలో ఉన్న ఆరు అడుగుల నేల.

"ఎవరు బంద్ జేసిన్రు?"

"ఎవ్వరు చెయ్యలె" అన్నాడు తాత.

"నేను నిద్రవోయిన గద."

"పోయినవ్."

"మల్లొకసారి నడుపున్రి సారు."

తాత నడిపాడు. ఈసారి గంట పైనే పట్టింది. అన్నం వేళ దాటింది. ఎంకయ్య రెప్ప వేయకుండా కూర్చున్నాడు. ఫ్యాన్ ఆగాక లేచి దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి రెక్కలు చూశాడు, ముట్టుకోలేదు. వెనక్కి వచ్చి కూర్చుని నన్ను అడిగాడు.

"ఆ దినం నువ్వు వచ్చి చూసినప్పుడు నా చేతులు ఏడుండె బిడ్డా?"

నన్ను అప్పుడు అడిగింది నిద్ర గురించే. నేను చెప్పిందీ అదే.

"ఒళ్లె ఉండె కాక" అన్నాను. "రెండు చేతులు ఒళ్లెనే ఉండె. నేనే చూసిన."

ఎంకయ్య మొయినాబాద్‌కు పొద్దున మొదటి బస్సు ఎన్నింటికని అడిగాడు. ఆరుంబావుకని చెప్పాను. తాత కాగితం మీద ఫ్యాన్ ఆగిన టైం రాసుకుని, బోర్డు నుంచి ఫ్యాన్ వైరు ఊడదీసి గోడ ప్లగ్గులో పెట్టాడు. ఉక్కగా ఉంది. ముగ్గురం కాసేపు గాలికి కూర్చున్నాం.